యల్లాప్రగడ సుబ్బారావుగారి వ్యాసములును, వాని లెక్కయు

మన సమాజపు వార్షిక సభలలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి నామము స్మరింపబడని సంవత్సరము లేదనియే చెప్పవచ్చును. చిత్రపటమునకు పూలదండ వేయుదురు. వక్తలు వారు కనుగొనిన మందుల పేర్లను దండకమువలె చదివి కూర్చుందురు. ఆ పేర్లు ఏటేట పెరుగుచుండుటయే గాని తగ్గుట మేము చూడలేదు. ఈ పర్యాయము చిలుకూరున చేరు సోదరులకును, సభను పోషించు దాతలకును అందబోవు ఈ సంచికకు వారి చరిత్రమును వ్రాయవలసినదని కోరబడి, మేము వేఱొక త్రోవ త్రొక్కదలచితిమి. సుబ్బారావుగారు ఏమేమి వ్రాసిరి, ఆ వ్రాతలపై ఎవరెవరి పేర్లు నిలిచినవి, పిమ్మటివారు వానిని ఎంతగా ప్రమాణముగా గైకొనిరి అను సంగతిని విచారింతము. ఏలయన నేటి విద్యాలోకమున పరిశోధకుని యోగ్యతను తూచు త్రాసు ఇదియే. మన మెంతయో గొప్పవాడని చెప్పుకొను పురుషుని ఆ త్రాసునందుంచి చూచుటకు మనము జంకనక్కరలేదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యముచే ముందుగనే ఉద్యోగమును విడిచిరి. తల్లి వెంకమ్మగారు గట్టి మనస్సు గల యిల్లాలు. పిల్లవాడు పదుమూడేండ్ల వయస్సున, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతుడను కావలెనని యిల్లు విడిచి పాఱిపోగా, ఆమె పట్టి తెప్పించి తిరిగి బడిలో వేసినది. చదువు రాజమహేంద్రవరమున సాగి, మెట్రిక్యులేషను పరీక్ష రెండుమార్లు తప్పి, మూడవమాఱు మదరాసు హిందూ హైస్కూలునుండి నెగ్గెను. పరీక్ష తప్పిన బాలురను పనికిరానివారని ఇంటిలోనే తీర్పు చెప్పు తండ్రులు మనలో కొందఱు గలరు. వారు ఈ వాక్యమును మఱియొక మాఱు చదువుదురుగాక.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు ముగించిన పిదప వారికి సన్న్యాసమునందు బుద్ధి పుట్టెను. రామకృష్ణ మఠమువారు వైద్యవిద్య నేర్చి లోకమునకు సేవ చేయుట మేలని బోధింపగా మదరాసు వైద్య కళాశాలలో చేరిరి. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వివాహమయ్యెను. మామగారే చదువునకు ఆదరువైరి. గాంధీగారి పిలుపు విని ఖద్దరు అంగీతో శస్త్రచికిత్సాశాలకు పోగా, ఆచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొరకు అది రుచింపలేదు. పరీక్షలలో బాగుగ వ్రాసియు సుబ్బారావుగారికి పూర్తి యం.బి.బి.యస్. పట్టము రాక, తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. ఆ కాగితముతో ప్రభుత్వోద్యోగమునకు దారి లేక, ఆచంట లక్ష్మీపతిగారి యాయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రోపన్యాసకులుగ చేరిరి. ఈ నడుమనే ఇద్దఱు సోదరులు కొలది దినముల యెడములో స్ప్రూ అను వ్యాధిచే గతించిరి. అన్నము వంటబట్టనీయక, రక్తమును హరించి, మనిషిని ఎండగట్టు రోగమది; మన ప్రాచీన వైద్యులు చెప్పిన గ్రహణికి దగ్గఱ చుట్టము. ఆనాడు దానికి మందు లేదు.

అమెరికా ప్రయాణమునకు సొమ్ము ఎక్కడనుండి వచ్చెననునది మన సభలలో సామాన్యముగ చెప్పబడని సంగతి. మామగారు కొంత కూర్చిరి. తక్కిన సహాయమునకు మాట యిచ్చినది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ. నాయకరుగారు రంగూనులో వర్తకము చేసి గడించిన ధనమును విద్యకును అన్నదానమునకును ధారవోసిన మహాదాత. మన కులమువాడు కాడు. కుల సంచికలో ఈ మాట వ్రాయుట కొందఱకు వింతగా తోచవచ్చును. మన కులమున బుట్టిన వారిలో నేడు ప్రపంచము మిక్కిలి యెఱిగిన వైద్యశాస్త్రజ్ఞుని సముద్రము దాటించిన ధనములో ఆయన సొమ్ముకూడ కలదు గనుకనే వ్రాయుచున్నాము.

బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణదేశ వ్యాధుల పాఠశాలకు చేరిన సుబ్బారావుగారు పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలను కడుగు కొలువు చేసిరి. పిదప జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అను ఆచార్యుని క్రింద పనికి కుదిరిరి. వారి వ్యాసముల చరిత్ర ఇక్కడ మొదలగుచున్నది.

రక్తమునందును, మూత్రమునందును భాస్వరమెంత కలదో తెలిసికొనుట వైద్యునకు మిక్కిలి యవసరము. పిల్లల యెముకలు మెత్తబడినను, మూత్రపిండములు చెడినను ఆ లెక్క మాఱును. అంతకు ముందున్న పద్ధతులలో రంగు నిలకడగ నుండెడిది కాదు. ఫిస్క్, సుబ్బారావుగార్లు చేసిన యుపాయ మిది. ద్రవమునందలి ఫాస్ఫేటును ఆమ్లములో మాలిబ్డేటు అను లవణముతో కలిపిన నొక సంయోగ పదార్థ మేర్పడును. దానికి అమినోనాఫ్తాల్ సల్ఫానిక్ ఆమ్లమును చేర్చిన చక్కని నీలిరంగు పుట్టును. భాస్వరమెంతయో నీలిమ యంత. లెక్క తెలిసిన ద్రవము రంగుతో దీనిని సరిపోల్చి చూచిన భాస్వరపు పాళ్లు తేలిపోవును. కొలది రక్తము చాలును, కొలది నిమిషములు చాలును. ఈ పద్ధతిని వివరించు వ్యాసము 1925లో అమెరికా జీవరసాయన పత్రిక 66వ సంపుటమున వెలువడెను. నేటికిని మన కళాశాలలలో జీవరసాయనము చదువు బాలబాలికలు ఫిస్క్–సుబ్బారావు పద్ధతియని పుస్తకములలో చదివి, గాజుగొట్టములలో ఆ నీలిరంగును తెప్పించుచున్నారు.

ఇప్పుడు లెక్క సంగతి. ఫిలడెల్ఫియా నగరమున యూజీన్ గార్ఫీల్డు అను నాతడు 1964 మొదలు ఒక విచిత్రమైన సూచికను ప్రకటింపసాగెను. ఏ వ్యాసమును ఏయే వ్యాసములు తమ యడుగున ప్రమాణముగ పేర్కొన్నవో అందు పట్టిక వేయుదురు. గ్రంథములను వెదకుటకై పుట్టిన యా సూచిక కాలక్రమమున మనుష్యులను తూచు త్రాసుగ మాఱినది. ఎన్ని వ్యాసములు, ఒక్కొక్కటి ఎన్నిమార్లు పేర్కొనబడినది అని లెక్కించి, 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు రెంటిని కలిపి ఒకే యంకె చేసెను. నేడు ఉపాధ్యాయ పదవులకును, పరిశోధన ధనమునకును ఆ యంకెనే యడుగుచున్నారు. గార్ఫీల్డు అత్యధికముగ పేర్కొనబడిన వ్యాసముల పట్టికలు వేసినపుడు, 1925 నాటి ఈ భాస్వర వ్యాసము అందు చోటు సంపాదించెను. వ్రాసినవారిలో ఒకరు గతించి దశాబ్దములు గడచినను, వేలకొలది వ్యాసములు దాని పేరు చెప్పుచు వచ్చినవి. ఈ త్రాసులో సుబ్బారావుగారు తేలిపోవువారు కారు.

అయితే త్రాసు దేనిని తూచుచున్నదో చూడవలెను. సంస్కృత వ్యాఖ్యానములు చదివినవారికి ఇది చక్కగ బోధపడును. మెదకు సీమవాడని ప్రసిద్ధిగాంచిన మల్లినాథసూరి కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్యలు రచించుచు మాటిమాటికి అమరుని ప్రమాణముగ చూపును. ఆ వ్యాఖ్యలలో పేర్లు లెక్కించినచో అమరసింహుడు మహాకవులనందఱను మించిపోవును. అమరకోశము కావ్యము కాదు. కాని అది లేనిదే కావ్యమునకు అర్థము చెప్పుట సాగదు. శాస్త్రలోకమునందును అట్లే. 2014లో వేసిన యొక ప్రసిద్ధ పట్టికలో మొదట నిలిచినది మాంసకృత్తులను కొలుచు పద్ధతిని దెలుపు 1951 నాటి లౌరీ వ్యాసము. దానిని మూడు లక్షలకు పైగా వ్యాసములు పేర్కొన్నవి. పనిముట్టు నిచ్చినవాని పేరు ప్రతి పనివాడును చెప్పును. పనిముట్టుతో కట్టిన మేడను గూర్చి యిట్లు చెప్పుట కుదరదు. సుబ్బారావుగారి మేడ లెట్టివో చూతము.

ఆ నీలిరంగు పద్ధతితోనే వారు కండరములను పరిశీలింప మొదలిడిరి. కండరపు రసమున ఫాస్ఫేటును కొలుచునపుడు రంగు వెంటనే పూర్తిగ రాక, నిదానముగ ముదురుచుండెను. మఱియొకరైనచో మందు చెడినదని పాఱబోసి తిరిగి కలిపెడివారు. ఫిస్క్, సుబ్బారావుగార్లు ఆ యాలస్యమునకు కారణము విచారించిరి. కండరమున ఫాస్ఫేటు విడిగా నుండక క్రియేటిన్ అను పదార్థముతో కూడియున్నది. ఆమ్లము తగిలినపుడు ఆ కూటమి మెల్లమెల్లగ విడిపోయి ఫాస్ఫేటు బయల్వడుచున్నది. కావుననే రంగు ముదురుచున్నది. ఈ ఫాస్ఫోక్రియేటిన్ సంగతి 1927లో సైన్సు పత్రికలో వెలువడెను. అదే సంవత్సరమున ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును ఈ పదార్థము జాడనే పట్టిరి. కండరము పనిచేసినపుడు ఇది తఱుగును, విశ్రమించినపుడు తిరిగి నిండును. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా నేటి విద్యార్థులు ఏటీపీ యనుచున్న పదార్థమును, వీరును, జర్మనీలో కార్ల్ లోమాన్ అను నతడును వేర్వేరుగ కండరమునుండి వేఱుపఱచిరి.

దీని గొప్పదన మేమన, అంతవఱకు కండరపు బలమునకు మూలము లాక్టిక్ ఆమ్లమని పండితులు నమ్మియుండిరి. ఆ విషయమున పరిశోధించిన హిల్, మేయర్‌హాఫ్ అను వారికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము సయితము లభించియుండెను. ఆ యామ్లము పుట్టకుండ చేసినను కండరము ముడుచుకొనునని లుండ్స్‌గార్డ్ 1930లో చూపగా పాత సిద్ధాంతము కూలినది. ఫాస్ఫేటు కూటములే ప్రాణులకు చేతిఖర్చు సొమ్మువంటివని క్రమముగ స్థిరపడినది. ఈ పుట త్రిప్పుచున్న పాఠకుని చేతిలో ఈ క్షణమున వ్యయమగుచున్నదియు ఆ ఏటీపీయే.

మఱి ఈ 1929 నాటి వ్యాసమును లోకము ఎన్నిమార్లు పేర్కొనుచున్నది? ఏటీపీని గూర్చి వ్రాయు వ్యాసములకు నేడు మితి లేదు. వానియందు దాని మొదటివారి పేరు చెప్పునవి మిక్కిలి యరుదు. సత్యము అందఱి సొత్తయిన వెనుక దాని తండ్రి పేరు చెప్పు నలవాటు పోవును. సున్నను వాడు వర్తకుడు బ్రహ్మగుప్తుని తలచునా? రాబర్ట్ మెర్టన్ అను సమాజశాస్త్రజ్ఞుడు ఈ వింతను గుర్తించి వివరించెను. కాబట్టి కొలుచు పద్ధతి పేరుగాంచినది, దానికంటె పెద్దదియగు కనుగోలు సర్వసామాన్యమై పేరు పోగొట్టుకొన్నది.

పేరు పోవుటకు మఱియొక కారణమును గలదు. అది యింత నిర్దోషమైనది కాదు. సుబ్బారావుగారికి 1930లో హార్వర్డు డాక్టరు పట్టము వచ్చెను గాని అక్కడ స్థిరమైన యాచార్య పదవి దొరకలేదు. పదిసంవత్సరములు చిన్న యుద్యోగముననే యుండవలసి వచ్చెను. వారు వేఱుపఱచిన మఱికొన్ని పదార్థములు వెలుగు చూడలేదనియు, ఫిస్క్ అసూయ అందుకు కారణమై యుండుననియు, వానిని పిదప ఇతరులు మరల కనుగొనవలసివచ్చెననియు, ఆ శాలలోనే చదువుకొని 1988లో నోబెల్ బహుమానము నందిన జార్జి హిచింగ్స్ తరువాతి కాలమున చెప్పియున్నారు. మేము ఫిస్కును దూషింపబోము. సుబ్బారావుగారి మొదటి వ్యాసములు ఆయన యాశ్రయముననే పుట్టినవి. అయినను వెలువడని వ్యాసమునకు ఏ సూచికయు లెక్క కట్టలేదు. పట్టికలు వేయువారు సున్నయని వ్రాసినచోట ఒక్కొక్కపుడు ఏమియు లేకపోవుట కాక, ఎవరో మూసిపెట్టుట యుండును.

1940లో వారు న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను నూరిలోని లెడర్లీ పరిశోధనశాలకు పోయి, అచ్చటి పరిశోధనమునకు అధిపతులైరి. ఇది వ్యాపార సంస్థ. ఇక్కడ వ్యాసము పనికి ఫలము కాదు, మందు ఫలము. అందుచే ఈ యెనిమిదేండ్ల కథను వ్యాసముల పట్టికతో కొలుచువాడు మోసపోవును.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. బొంబాయి మిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీల రక్తహీనత ఈస్టు సారముచే నయమగుచున్నదని లూసీ విల్స్ అను వైద్యురాలు 1930 ప్రాంతమున కనిపెట్టియుండెను. ఆ సారములోని గుణ మేదియో తెలియదు. లెడర్లీ శాలలో సుబ్బారావుగారి నాయకత్వమున రసాయనజ్ఞులు కాలేయమునుండి దానిని వేఱుపఱచి, 1945లో కృత్రిమముగ తయారుచేసిరి. ఆ వ్యాసముపై ఆంజియర్ పేరు మొదట నున్నది. స్టోక్‌స్టాడ్ మొదలగు పలువురి నడుమ సుబ్బారావుగారి పేరొకటి. ఆనాడు సోదరులను తీసికొనిపోయిన స్ప్రూ వ్యాధికి నేటి చికిత్స ఫోలిక్ ఆమ్లమును, టెట్రాసైక్లిను జాతి మందును కలిపి యిచ్చుట. ఆ జాతిలో మొదటిదగు ఆరియోమైసిన్ సైతము సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగ నున్న ఆ శాలలోనే పుట్టినది. చిలుకూరు, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ప్రభుత్వమువారు గర్భిణులకు ఉచితముగ నిచ్చు ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లము కలిసియుండును. మాత్ర మ్రింగు తల్లి యే వ్యాసమును పేర్కొనదు.

రెండవది దాని ప్రతిద్వంద్వి. ఫోలిక్ ఆమ్లము రక్తకణముల వృద్ధికి తోడ్పడునుగదా, ఆ యాకృతినే కొంచెము మార్చి కపటవేషముతో పంపినచో, విచ్చలవిడిగ పెరుగు రక్తకణములను అడ్డగింపవచ్చునను నూహ పుట్టెను. బోస్టను బాలల వైద్యశాలలోని సిడ్నీ ఫార్బరు కోరికపై లెడర్లీ శాల అట్టి పదార్థములను తయారుచేసి పంపెను. వానిలో అమినోప్టెరిన్ అను దానిని రక్తపు క్యాన్సరుతో మరణమునకు చేరువైన పదునాఱుగురు పిల్లలకు ఈయగా పదుగురకు తాత్కాలికముగ గుణము కనబడెను. 1948 జూన్ మాసమున ఈ సంగతి ప్రకటితమయ్యెను. మందులచే క్యాన్సరును జయింపవచ్చునను నాశకు అది తొలి మెట్లలో నొకటి. ఆ వ్యాసకర్తలు అయిదుగురు. వారిలో సుబ్బారావుగారు లేరు. వైద్యులు తాము చేసిన చికిత్సను తాము వ్రాసికొనిరి, అది న్యాయమే. మందును కూర్చిన సీగర్ మొదలగు రసాయనజ్ఞులు తమ వ్యాసమును వేఱుగ వ్రాసికొనిరి, అదియు న్యాయమే. అధిపతియై త్రోవ చూపి, మందును శాలనుండి వైద్యశాలకు చేర్చినవానికి పట్టికలో గడి లేదు.

దాని చెల్లెలగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. 1956లో దానిచే ఒకజాతి క్యాన్సరు సంపూర్ణముగ నయమైనది. కీళ్లవాతమునకు నేడది ప్రధానౌషధము. మన పాఠకులలో దానిని వాడువారుందురు కనుక ఒక్క మాట: కీళ్లవాతమునకు దానిని వారమునకొకమాఱే తీసికొనవలెను గాని దినదినము తీసికొనరాదు, ప్రాణాపాయము. దాని దుష్ఫలములు తగ్గుటకు వైద్యులు ఫోలిక్ ఆమ్లమును సైతము వ్రాసియిత్తురు. అన్నదమ్ములవంటి రెండు మందులు, ఒకే శాలలో ఒకే యధిపతి కాలమున పుట్టినవి, ఒకే చీటిలో నుండును.

మూడవది హెట్రజాన్. గోదావరీతీరమున బోదకాలు నెఱుగని యూరు లేదు. ఆ క్రిములను రక్తమున చంపు డైఇథైల్‌కార్బమజైన్ అను నీ మందును గూర్చి 1947లో వెలువడిన వ్యాసమున సుబ్బారావుగారి పేరు చిట్టచివర నున్నది. నేడు ప్రభుత్వమువారు ఊరూర పంచు బోదకాలు మాత్ర యిదియే.

పేరు సంగతి వచ్చినది గనుక మఱియొకటి. పాశ్చాత్యులు చివరి పేరును వంశనామముగ గైకొందురు. ఆ లెక్కను యల్లాప్రగడవారి యింటిపేరు ఒక్క అక్షరమై పోగా, తల్లిదండ్రులు పెట్టిన సుబ్బారావను పేరే వంశనామమై లోకమున వ్యాపించెను. అదియు ఒక్క తీరున లేదు. ఒకచో కలిపి, ఒకచో విడదీసి, ఒకచో నడుమ పెద్దయక్షరముతో ముద్రించిరి. పట్టిక వేయునది యంత్రమైనచో ఒక్క మనిషిని మువ్వురుగ లెక్కించుట సులభము.

ఇక మన సభలలో వినబడు మాటల విషయము. ఆరియోమైసిన్‌ను సుబ్బారావుగారే కనుగొనిరని చెప్పుదురు. మట్టినుండి దానిని వెలికితీసి 1948లో ప్రకటించినవాడు బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు. సుబ్బారావుగారు ఆ పరిశోధనకు అధిపతులు. నోబెల్ బహుమానము వారికి రావలసి యుండగా ద్వేషముచే నీయలేదని చెప్పుదురు. వారు తమ మందుల ఫలితములు లోకమునకు తేటపడుచుండగనే గతించిరి. మరణించినవారికి ఆ బహుమానము నిచ్చు నాచారము లేదు. ఉన్నదాని కంటె నెక్కుడు చెప్పుటచే మనము వారి గౌరవమును పెంచుట లేదు. తెలిసినవాడొకడు సభలో నున్నచో, అబద్ధముతోపాటు నిజమును గూడ త్రోసిపుచ్చును. డగ్గరుకు, ఫార్బరుకు, సీగరుకు, విల్స్ దొరసానికి, సత్యలింగ నాయకరుగారికి చెందవలసినది చెల్లించిన పిదపను సుబ్బారావుగారికి మిగులునది సామాన్యము కాదు.

శేషగిరిగారి పేరు ఏ వ్యాసమునను లేదు. ఆమెను వదలి సముద్రము దాటిన భర్త మరల స్వదేశమునకు రాలేదు. ఆమె వారిని తిరిగి చూడలేదు. 1946లో అమెరికా చట్టము మాఱి భారతీయులకు పౌరసత్వపు త్రోవ తెఱచినను, సుబ్బారావుగారు ఆ పౌరులు కాకయే యుండిరి. 1948 ఆగస్టు మాసమున, యాబదిమూడేండ్ల ప్రాయమున, గుండె యాగి కాలధర్మము నందిరి. ఫార్బరు వ్యాసము వెలువడి అప్పటికి రెండు మాసములు.

1987లో ఎస్.పి.కె. గుప్తా అను నాయన వారి జీవితమును పుస్తకముగ వ్రాసిరి. 1995లో శతజయంతికి భారత తపాలా శాఖవారు వారి బొమ్మతో బిళ్ల వేసిరి. అంతకు చాలముందే, 1953లో, హెసెల్టిన్ అను శాస్త్రజ్ఞుడు మురుగునీటిని వడగట్టు రాళ్లపై పెరుగు నొక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని వీరి పేరు పెట్టెను. జీవజాతుల పేర్ల విషయమున శాస్త్రజ్ఞుల నియమము కఠినమైనది. ఒకమాఱు సక్రమముగ పెట్టిన పేరును ఎంత సామాన్యమైనను విడుచుటకు వీలులేదు. ఆ శిలీంధ్రమును గూర్చి వ్రాయు ప్రతివాడును ఆ పేరు వ్రాసియే తీరవలెను.